చెట్టుది చెట్టుకే

ప్రయోగాన్ని ఆవపెట్టి వండేశారు.

ఆ సంగతి హైమవతికి ఏరు దాటించే పంటు దిగి గట్టెక్కుతుండగానే తెలిసిపోయింది. పొన్నలంకలో ఎవరింట్లో ఏం కూరో చెప్పడానికి మనుషులక్కర్లేదు, గోదావరి గాలి చాలు. అరటిపువ్వు ఉడికిన వాసన, దాని మీద పచ్చి ఆవ ఘాటు. మామూలు రోజైతే ఆ వాసనకి ఆమెకు నోరూరేది. ఆ రోజు మాత్రం "ఆ పువ్వు కాకూడదు దేవుడా, ఇంకే పువ్వైనా సరే" అనుకుంటూ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పరుగందుకుంది. వెనకాల ఆమెతో పాటు పరిశోధనశాలలో పనిచేసే ప్రభుదాసు, మైక్రోస్కోపు పెట్టె చంకనెత్తుకుని, "మేడంగారూ, మెల్లిగా! ఇందులో అద్దాలున్నాయండీ!" అని మొత్తుకుంటూ వచ్చాడు.

మేనత్త నూకరత్నం అరుగు మీదే ఎదురైంది. డెబ్బై దాటిన మనిషి, నడుం వంగలేదు, నోరు అంతకంటే వంగలేదు.

"వచ్చేవా తల్లీ! కాళ్ళు కడుక్కో. బాబూ, మీరూ రండి, ఆ పెట్టె అలా పెట్టండి. నువ్వొత్తన్నావనే పొద్దున్నే పువ్వు కోసి కూర చేసేనే."

"ఏ పువ్వత్తా?"

"ఏ పువ్వేంటే? మన పాలకేళిదే. కాయల అత్తాలన్నీ విడిచేసింది, ఇంకా పువ్వు వేలాడదీత్తే కాయ ఊరుద్దా? ఎవరైనా కోసేత్తారు."

హైమవతి అరుగు మీద కూలబడింది. ప్రభుదాసు పెట్టెను ఇంకా చంకనే ఉంచుకుని, వంటింటి వైపు, ఆ తరవాత ఆకాశం వైపు చూశాడు.

తప్పు నూకరత్నానిది కాదు. చెట్టు దగ్గరికి మేకను రానివ్వొద్దని చెప్పారు, ఎరువు వెయ్యొద్దని చెప్పారు, ఆకు కొయ్యొద్దని చెప్పారు. పువ్వు కొయ్యొద్దని మాత్రం ఎవరూ చెప్పలేదు. పరిశోధనశాలలో పువ్వంటే పుప్పొడి. పొన్నలంకలో పువ్వంటే కూర. ఈ రెండు ఊళ్ళ మధ్యా పంటు మీద ఇన్నేళ్ళు తిరిగిన హైమవతికే ఆ తేడా గుర్తు రాకపోతే, పాపం ఆవిడకేం తెలుస్తుంది?

పాలకేళి అనే అరటి ఆ లంకలోనే పుట్టిందంటారు. పొట్టి కాయ, పల్చటి తోలు, నోట్లో పెట్టుకుంటే వెన్న. ఒకప్పుడు లంకంతా అదే. ఆ తరవాత పనామా తెగులొచ్చింది. అది మట్టిలో ఉండే బూజు. వేళ్ళలోంచి ఎక్కి చెట్టును లోపలినుంచి ఎండబెడుతుంది. తోట వెనక తోట వాలిపోయింది. చివరికి మిగిలింది నూకరత్నం పెరట్లో బావి పక్కనున్న ఒకే ఒక్క గుబురు. పక్కింటి దొడ్లో చెట్లు కిందటేడే పసుపెక్కాయి. ఈ గుబురుకీ రోజులు దగ్గర పడ్డాయని చూసినవాళ్ళందరికీ తెలుసు.

హైమవతికి ఆ అరటి అంటే ఊరికే ఇష్టం కాదు. ఆ అరటి లేకపోతే హైమవతే లేదు. పుట్టిన ఏడాది లోపల తల్లి పోయింది. ఏం పెట్టినా పిల్ల కడుపులో నిలిచేది కాదు. పాలు పడవు, జావ పడదు, కక్కడం, విరేచనాలు. చేతులు పుల్లలైపోయాయి. "ఇక ఆశ పెట్టుకోకండి" అని వైద్యుడన్న రోజున నూకరత్నం పిల్లను పమిటలో చుట్టుకుని లంకకు తెచ్చేసింది. మాగిన పాలకేళిని వేలితో మెదిపి, గోరంత గోరంత నాలిక మీద రాసింది. అది నిలిచింది. మర్నాడు కొంచెం, ఆ మర్నాడు ఇంకొంచెం. రెండేళ్ళు ఆ పిల్ల ఆ పండు మీదే బతికింది. ఊళ్ళో వాళ్ళు "అరటిపిల్ల" అని పిలిచేవారు. ఆ అరటిపిల్లే పెద్దదై, అరటి కణాల్లోకి తొంగిచూసే చదువు చదివింది. ఎందుకీ చదువని అడిగిన వాళ్ళందరికీ ఏవేవో చెప్పేది గాని, అసలు సంగతి ఆమెకు తెలుసు. అన్నం పెట్టిన చేతిని మర్చిపోతే మనిషి జన్మే కాదు.

పాలకేళిని బతికించడానికి చెయ్యనిది లేదు. గాజుసీసాల్లో పిలకలు పెంచారు. మట్టిలో పెట్టగానే అవీ వాలిపోయాయి. వాలవా మరి? పిలకంటే కొత్త చెట్టు కాదు, పాత చెట్టే ఇంకో చోట లేవడం. తల్లికి లేని బలం పిలకకెక్కడినుంచి వస్తుంది? బలం మారాలంటే గింజ కావాలి. గింజలో పిల్ల వేరు, తల్లి వేరు. పదిమంది పిల్లల్లో ఒకరైనా తెగులుకు తట్టుకునే వాళ్ళు పుట్టొచ్చు. కానీ పాలకేళికి గింజ పట్టదు. దాని కణంలో క్రోమోజోములు మూడేసి చొప్పున ఉంటాయి, మొత్తం ముప్పై మూడు. పుప్పొడి తయారయ్యేటప్పుడు జంటలు కట్టి చెరోవైపు నడవాలి. రెండు పీటలకి ముగ్గురొస్తే ఏమవుతుంది? మూడోవాళ్ళు మధ్యలో దిక్కులు చూస్తూ ఉండిపోతారు. అందుకే దాని పుప్పొడంతా డొల్ల.

ఆ చిక్కుముడి విప్పింది ఓ పొరపాటు. పరిశోధనశాలలో హైమవతి వేరుకొనలు కోసి, స్పిరిట్‌లో నానబెట్టి, ఎర్రరంగు వేసి, గాజుపలక మీద పెట్టి బొటనవేలితో నొక్కి చూసేది. వేరుకొనలో ఎప్పుడూ సంతలా ఉంటుంది. ఒక కణం నిద్రపోతుంటుంది, ఒకటి లేస్తుంటుంది, ఒకటి రెండుగా చీలుతుంటుంది. ఒకరోజు, కోసే ముందు వేళ్ళను నానబెట్టడానికి ప్రభుదాసు కలిపిన రసంలో ఏదో మందు మోతాదు మించింది. మర్నాడు చూస్తే పలక మీద కణాలన్నీ ఒక్క తీరులో ఉన్నాయి. బళ్ళో గంట కొట్టగానే పిల్లలందరూ ఒకేసారి లేచి నిలబడ్డట్టు. పుప్పొడి కట్టేటప్పుడు మధ్యలో చిక్కుకునే మూడో క్రోమోజోములు కూడా, అన్నీ కలిసి ఒకే వైపు నడిచాయి. ఇద్దరూ ఆ పలకను మార్చి మార్చి చూసుకున్నారు. ఆ రసానికి ప్రభుదాసే 'లయ' అని పేరు పెట్టాడు.

సంతోషం ఒక్క కాపు నిలిచింది. లయ తాగిన వేరే రకం అరటి ఒకటి గింజ కట్టింది. ఆ తరవాత, ఒకేసారి లేచే కణాలు ఒకేసారి ఆగిపోవడం కూడా నేర్చుకున్నాయి. ఆ దుంపకు తగులుకుని ఉన్న చెట్లూ, పిలకలూ, లేత మొలకలూ అన్నీ కలిసి కుళ్ళిపోయాయి. అంటే పాలకేళి గింజ కావాలంటే ఉన్న ఒక్క గుబురునూ ఇచ్చుకోవాలి.

ఆ మాట అత్తతో చెప్పడానికి హైమవతి చలికాలంలో లంకకొచ్చింది. వచ్చి, చెప్పలేక, వంటింట్లో ఆ గిన్నె ఇటూ ఈ గిన్నె అటూ మార్చింది.

"ఏంటే నానుత్తన్నావ్? చెప్పేదేదో చెప్పి చావు."

చెప్పింది. తల్లి పోతుంది, పిలకలూ పోతాయి, గింజలు మాత్రం వస్తాయి, వాటిలో ఏదైనా బతకొచ్చు, బతక్కపోవచ్చు. ఊరుకుంటే తెగులొచ్చి ఎలాగూ పోవచ్చు, దేవుడు చల్లగా చూస్తే ఇంకొన్నేళ్ళు ఉండొచ్చు.

నూకరత్నం పెరట్లోకెళ్ళి గుబురు దగ్గర కూర్చుంది. చెట్టు వైపే చూస్తూ మాట్లాడింది.

"నీకు తెలుసా, గింజ లేని గెల పెళ్ళి పందిట్లో కడతారు. శుభం అంటారు. పిల్లల్లేని నన్ను మాత్రం ఒక్క సీమంతానికి పిలిచినోళ్ళు లేరు. మీ మావయ్య పోయేదాకా ఆ మాటే వింటా ఉన్నాను, గొడ్రాలు, గొడ్రాలు అనీసి. ఇదీ గొడ్డుదే, నేనూ గొడ్డుదాన్నే అని దీనితో చెప్పుకునేదాన్ని."

"నేను లేనా అత్తా?" హైమవతి వెళ్ళి పక్కనే కూర్చుంది.

"ఎందుకు లేవూ. నువ్వు నా పిలకవి. నీకంటే నాకెవరున్నారు?" మేనకోడలి తల మీద చెయ్యేసింది. "కానీ హైమా, నేను వయసులో ఉన్నప్పుడు ఎవరైనా వచ్చి, ఒక్క బిడ్డని కని పోతావా అనడిగుంటే, ఆయ్ అనేదాన్ని. ఎగిరి గంతేసి ఆయ్ అనేదాన్ని. అది నోరులేనిది. దాని తరఫున నా మాటే చెప్తాను. పొయ్యవే నీ మందు."

హైమవతి ఆ చెట్టుకు దణ్ణం పెట్టి మరీ దుంపలో లయ పోసింది. శాస్త్రజ్ఞులు దణ్ణాలు పెట్టకూడదని ఎక్కడా రాసిలేదు.

అలా మందు తాగిన గుబురులో పెద్దచెట్టు గెలేసి, అత్తాలు విడిచి, పుప్పొడిచ్చే పువ్వు వేలాడదీసింది. దాని వెనకాల పిలక ఇప్పుడే గెల బయటపెట్టింది, మొదటి అత్తాల పూలు ఆ పొద్దున్నే విచ్చుకున్నాయి. ఆ పువ్వు పుప్పొడి ఈ పూల మీద ఈవేళే చల్లాలి. సాయంత్రానికి ఈ పూలు మూసుకుంటాయి. ఇదీ లెక్క. ఆ లెక్కలోని పుప్పొడంతా ఇప్పుడు మూకుట్లో పోపు పెట్టించుకుని ఉంది.

హైమవతి జరిగిందంతా చెప్పేసరికి నూకరత్నం మొహం మాడిపోయింది. "నా చేతులిరిగిపోనూ! బిడ్డ కోసమని మందు పోయించి, నేనే వండేసేనా?" అని తలబాదుకుంది.

"ఊరుకో అత్తా, నాది తప్పు. నేను చెప్పొద్దూ?"

ప్రభుదాసు మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడి మూకుట్లోకి చూస్తున్నాడు. "అమ్మగారూ, ఇందులో ఆ అగ్గిపుల్లల్లాంటివి లేవేంటండీ? మా ఇంట్లో పళ్ళలో ఇరుక్కుంటా ఉంటాయి."

"దొంగలా? వాటిని కూరలో వేత్తారా ఎవరైనా! ఎంత ఉడికినా ఉడకవు, కూరలో దాక్కుంటాయి, అందుకే మా ఇంట్లో దొంగలంటాం. ఒక్కో పువ్వూ విప్పి దొంగని పీకి పారేసేక గాని..." అని, హఠాత్తుగా ఆగింది.

"ఎక్కడ పారేశావత్తా?" హైమవతి లేచి నిలబడింది.

"పారెయ్యడమేంటి, నేనేది పారేసేను? మా అమ్మ నేర్పిన పద్ధతి. తొక్కైనా, దొప్పైనా, చెట్టుది చెట్టుకే. తిన్నదానికి దణ్ణం పెట్టి మిగిలింది దాని మొదట్లో వెయ్యాలి."

ముగ్గురూ పెరట్లోకి పరుగెత్తారు. బావి పక్క, గుబురు మొదట్లో, నీడలో, ఎర్రటి దొప్ప ఒకటి బోర్లించి ఉంది. దాని కింద దోసెడు దొంగలు. తడి ఆరలేదు. ఒక్కోదాన్నీ పీకినప్పుడు చుట్టూ ఉన్న పుప్పొడి కాడలు కూడా వాటితో ఊడొచ్చేశాయి.

ప్రభుదాసు అరుగు మీదే మైక్రోస్కోపు దింపాడు. హైమవతి ఒక కాడ తీసి, ఎర్రరంగు చుక్కలో చిదిపింది. బతికిన పుప్పొడైతే రంగు తాగి ఎర్రగా నిండుతుంది, డొల్లయితే తెల్లగా తేలిపోతుంది. పాలకేళి పుప్పొడిని ఆమె ఎన్నోసార్లు చూసింది, ఎప్పుడూ తెలుపే. కన్ను ఆనించడానికి భయమేసి, ఒక్క క్షణం ఆగింది.

"చూడండి మేడంగారూ, మీరు చూడకపోతే అది మారిపోదు కదండీ."

చూసింది. ఎరుపు. అక్కడక్కడా తెలుపున్నా, ఎక్కువంతా నిండుగా ఎరుపు.

"అత్తా, బతికే ఉన్నాయి!"

నూకరత్నం అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. మళ్ళీ తనే కళ్ళు తుడుచుకుని, "ఇంకా చూత్తారేంటి, కానివ్వండి, పూలు మూసుకుంటాయన్నావు కదే!" అని ఇద్దర్నీ తరిమింది. ప్రభుదాసు నిచ్చెన పట్టుకుంటే, హైమవతి ఎక్కి, మెత్తటి కుంచెతో ఒక్కో పువ్వుకీ ఆ దొంగల పుప్పొడి అద్దింది. దిగాక ముగ్గురూ కూర్చుని, ఆ కూరతోనే అన్నం తిన్నారు. అంత మంచి కూర తన జన్మలో తినలేదని ప్రభుదాసు ఇప్పటికీ చెబుతాడు. ఆకలి మీద తిన్నాడు, పైగా భయం తీరాక తిన్నాడు, బాగుండక ఏం చేస్తుంది?

పుప్పొడి అద్దిన గెల ఊరి, మాగింది. హైమవతి వచ్చేదాకా నూకరత్నం ఒక్క పండు కూడా ముట్టలేదు. మొదటి పండు వలిచి చెట్టుకు చూపించి, తను కొరికింది. కటుక్కుమంది. నోట్లోంచి నల్లటి గింజ ఒకటి తీసింది, దాని వెనకే ముందుపన్ను సగం తీసింది.

"అయ్యో అత్తా! నెత్తురొస్తోంది, ఉమ్మెయ్యి!"

ఆవిడ వింటేనా! గింజ ఒక చేతిలో, పన్నుముక్క ఒక చేతిలో పట్టుకుని వీధిలోకి నడిచింది. ఒక్కో గుమ్మం ముందూ ఆగి, "ఓలమ్మా, ఇటు చూడు! గొడ్డుదన్నారు కదే దీన్ని? దీని బిడ్డ నా పన్ను ఇరగ్గొట్టింది చూడు!" అని బోసినవ్వు నవ్వింది. నవ్వుతుంటే కళ్ళంట నీళ్ళు కారిపోతున్నాయి. కొందరు నవ్వారు. ఒకప్పుడు సీమంతానికి పిలవని ఒకావిడ మాత్రం తల దించుకుని, లోపలికెళ్ళి ఉప్పునీళ్ళు కలిపి తెచ్చిచ్చింది. నూకరత్నం పుక్కిలించి, ఆవిడ భుజం తట్టి, ముందుకు సాగింది.

ఆ పన్నుముక్కను కొంగున ముడేసుకుంది.

వర్షాలు మొదలయ్యేసరికి గుబురు కుంగిపోయింది. పెద్దచెట్టు, పిలకలు, ఇంకా విచ్చుకోని లేత మొలకలు, అన్నీ ఒకే వారంలో ఒరిగాయి. ఆ వారం నూకరత్నం పొయ్యి సరిగా వెలిగించలేదు. కుళ్ళిన దుంపను ఎవర్నీ తియ్యనివ్వలేదు. తనే మట్టి కప్పింది. ఫోన్లో హైమవతితో ఒకే మాటంది: "పురుడు పోసుకుని పోయిందే."

పరిశోధనశాలలో గింజలు మొండికేశాయి. అరటి గింజ రాయి, ఓ పట్టాన మొలవదు. కొన్ని కుళ్ళాయి, కొన్ని అలాగే ఉండిపోయాయి. మొలిచినవి కొన్నే. ఆ కొన్నిటి గురించీ హైమవతి ఒక భయం మోస్తూ తిరిగింది, ఎవరికీ చెప్పలేదు. తల్లి కణాల్లోని ఆ లయ పిల్లల్లోకి కూడా దిగి ఉంటే? వాటి కణాలూ ఒకేసారి లేచి, ఒకేసారి ఆగిపోతే? అదే జరిగితే తను చేసినదంతా ఓ ప్రాణాన్ని ఊరికే తీసెయ్యడమే.

తెలుసుకోవాలంటే వేరుకొన కొయ్యాలి. కోసే రోజున అత్తను పిలిపించింది. ప్రభుదాసు కుర్చీ వేశాడు. హైమవతి వేరుకొనకు రంగు పట్టించి, పలక మీద పెట్టి, పైన అద్దుడు కాగితం వేసి, బొటనవేలితో నొక్కింది. పలకను మైక్రోస్కోపు కింద పెట్టి, తను చూడకుండా పక్కకు జరిగింది.

"అత్తా, ముందు నువ్వు చూడు."

"నాకేం తెలుస్తుందే?"

"ఏం కనిపిస్తే అది చెప్పు. అన్నీ ఒకేలా ఉన్నాయా, వేరువేరుగా ఉన్నాయా, అంతే."

నూకరత్నం ఒక కన్ను మూసి, రెండో కన్ను ఆనించి, చాలాసేపు చూసింది.

"ఒకేలా ఎక్కడున్నాయే?" అందావిడ చివరికి. "ఇదో ఇది పడుకునుంది. ఇదేమో లేచి కూకుంది. ఇక్కడ రెండు విడిపోతన్నాయి. ఇంకోటి ఇంకా ముసుగు తియ్యలేదు. ఎవరి పన్లో వాళ్ళున్నారు, అచ్చం పిల్లలున్న కొంపలాగుంది."

హైమవతి అత్త ఒళ్ళో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "బతుకుతాయత్తా" అని మాత్రం అనగలిగింది. నూకరత్నం ఆ తల నిమురుతూ ఉంది. ప్రభుదాసు కిటికీ దగ్గరికెళ్ళి, పనిలేకపోయినా గాజుపలకలు కడుగుతూ నిలబడ్డాడు.

తట్టుకునేదేదో తేలాలని, అప్పటికి తెగులు పాకిన ఆ మట్టిలోనే, బావి పక్కనే, మొక్కలన్నీ నాటారు. నాటేటప్పుడు నూకరత్నం కొంగుముడి విప్పి, పన్నుముక్కను ఒక మొక్క మొదట్లో పాతింది. "చెట్టు ఇరగ్గొట్టింది, చెట్టుదే" అంది. ఏడాది తిరిగేసరికి మొక్కలన్నీ పసుపెక్కి వాలాయి, ఒక్కటి తప్ప. నిలిచింది పన్ను పాతిన మొక్కే. అందుకు కారణం పన్నని హైమవతి ఎక్కడా రాయలేదు. కాదనీ రాయలేదు. వ్యాసం చివర కృతజ్ఞతలు చెప్పే చోట మాత్రం, పెద్దల పేర్లకంటే ముందు, తన మేనత్త నూకరత్నానికీ, ఆవిడకు ఆ పద్ధతి నేర్పిన తల్లికీ అని రాసింది. పద్ధతేమిటో వివరించమని పత్రిక వాళ్ళడిగితే, లంకకొచ్చి భోంచేస్తే తెలుస్తుందని జవాబు పంపింది.

ఆ మొక్క పెరిగి, పిలకలేసి, గెలేసింది. గింజలు తక్కువ, రుచి మాత్రం పాలకేళిదే, ఇంకొంచెం పులుపు. పిలకలు పంచిపెడుతుంటే లంకలో మళ్ళీ ఇంటికొక గుబురు లేస్తోంది. మొన్న పక్కవీధిలో ఎవరిదో సీమంతం జరిగితే, పాలకేళి అత్తం మొదటగా ఒళ్ళో పెట్టడానికి నూకరత్నాన్ని పిలుచుకెళ్ళారు. ఆవిడ సగం పన్నుతోనే నవ్వుతూ వెళ్ళింది.

ఆ మధ్య ఒక పొద్దున్న హైమవతికి ఫోనొచ్చింది.

"ఒసే, గెల అత్తాలన్నీ విడిచేసింది. పువ్వు వేలాడతంది. ముందే అడుగుతున్నాను, తరవాత నా మీద పడి ఏడవకు. కొయ్యనా, వద్దా?"

హైమవతి చేతిలో పలక కింద పెట్టింది.

"కోసెయ్యత్తా. ఆవ పెట్టు. నేనూ ప్రభుదాసుగారూ ఈ పంటుకే వచ్చేస్తున్నాం. దొంగల్ని మాత్రం..."

"చెట్టుకే వేత్తాను లేవే. అది నువ్వు నాకు చెప్పాలా?"